పాఠం మారింది, కారణమేదీ?



కొన్నేళ్ల కిందటి మాట. ఎం.ఏ. తెలుగు మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి మా గదికి వచ్చింది. చేతిలో సెల్‌ఫోను. "సార్, మా ఊరి శివాలయం ముందు ఒక రాయి ఉంది. దాని మీద రాసింది తెలుగేనంటారు. నాకు ఒక్క అక్షరం కూడబలుక్కోవడం చేత కాలేదు. ఇది చదవడం మనకు ఎప్పుడు చెబుతారు?" అంది.

ఫొటో చూశాను. నాకూ అందలేదు. పక్క గదికి తీసుకెళ్లాను. అక్కడా అంతే. పీహెచ్.డీ.లు చేసినవాళ్లం అయిదుగురం ఉన్నాం శాఖలో. ఆ రాయి ముందు అయిదుగురమూ నిశానీలమే.

"ఒకప్పుడు శాసనాల పేపరు ఉండేది కదండీ" అన్నారు ఆఫీసులో ఉన్న పెద్దాయన. ఉండేదా? మరి ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు? బీరువా తీయించి, పాత మినిట్స్ పుస్తకాలు దుమ్ము దులిపి చూశాం. దొరికింది. శాసన పరిశీలన అనే ఐచ్ఛిక పత్రాన్ని తొలగించే విషయం చర్చించి ఆమోదించడమైనది అని ఒక్క వాక్యం. దాని కింద ఏడు సంతకాలు. చర్చించామని ఉంది గానీ ఏం చర్చించారో లేదు.

ఆ పేపరు చెప్పిన మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది. ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "ఏముంది నాయనా, నేను దిగిపోయాక ఆ పోస్టు నింపలేదు. మూడేళ్లపాటు పిల్లలెవరూ ఆ పేపరు తీసుకోలేదన్నారు. చెప్పేవాడు లేని పేపరు ఎవడు తీసుకుంటాడు?" అన్నారు.

అదండీ అసలు కారణం. చదువు పాతబడి కాదు, పనికిరాక కాదు. చెప్పే మనిషి లేక. ఆ ముక్క పుస్తకంలో రాయలేదు. రాయలేదు గనక, తర్వాత వచ్చిన మేమంతా శాసనాలంటే కాలం చెల్లిన సరుకని, పెద్దలు ఆలోచించే తీసేసి ఉంటారని అనుకున్నాం. తెలుగు గద్యానికి తొలి ఆనవాలుగా చెప్పుకునే కలమళ్ల శాసనం, కడప జిల్లాది, సుమారు క్రీ.శ. 575 నాటిది. దాని గురించి సాహిత్య చరిత్ర క్లాసులో ఏటా చెబుతాం. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాం. రాయి మీద అక్షరం మాత్రం ఎవరికీ చూపించం.

విశ్వవిద్యాలయంలో పాఠాలు ఎలా మారతాయి? ఎవరు మారుస్తారు? బయటివాళ్లకు ఇది తెరచాటు వ్యవహారం. కొడుకో కూతురో డిగ్రీలో చేరాక, "సిలబస్ మారిందట" అన్న మాట ఒకటి ఇంటికొస్తుంది. అంతే తెలుస్తుంది. లోపల జరిగేది ఇవాళ కొంచెం చెబుతాను.

ప్రతి శాఖకూ ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది. ఏ పాఠం ఉండాలి, ఏది పోవాలి, ఏ పుస్తకం చదవాలి, ప్రశ్నపత్రం ఎలా ఉండాలి అన్నవన్నీ మొదట తేలేది అక్కడే. శాఖలోని అధ్యాపకులు కొందరు, వేరే విశ్వవిద్యాలయాల నుంచి పిలిచిన నిపుణులు కొందరు కూర్చుంటారు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లో ఈ బోర్డు కాలేజీలోనే ఉంటుంది. బయటి నిపుణులతో పాటు ఆ రంగంలో పనిచేసేవారు ఒకరు, అక్కడ చదివి వెళ్లిన పూర్వ విద్యార్థి ఒకరు అందులో ఉండాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అదే మన యూజీసీ, నియమం పెట్టింది. బోర్డు ఒప్పుకున్నది పైనున్న అకడమిక్ కౌన్సిల్‌కో, సెనేట్‌కో వెళుతుంది. అక్కడ ఆమోదం పడ్డాక ఉత్తర్వు వస్తుంది. కొత్త పాఠం ఆ ఏడాది కొత్తగా చేరిన పిల్లలకే. అంతకుముందు చేరి పేపర్లు మిగుల్చుకున్నవాళ్లకు పాత పాఠంలోనే పరీక్ష పెట్టాలి. అందుకే ఒకే కాలేజీలో కొన్నాళ్లు రెండు సిలబస్‌లు పక్కపక్కనే నడుస్తాయి, వేరుపడిన అన్నదమ్ముల కాపురాల్లాగా.

అయితే అన్ని మార్పుల వెనకా గొడవ ఉండదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. కామర్స్‌లో పరోక్ష పన్నుల పాఠం తెల్లారేసరికి పాతదైపోయింది. మార్చాలా వద్దా అని ఎవరూ ఓటు అడగలేదు. 2024 జూలై 1న భారతీయ శిక్షా స్మృతి పోయి, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. లా కాలేజీల్లో సెక్షన్ల నంబర్లతో సహా మార్చుకున్నారు. ఇక్కడ కారణం బయటి నుంచే వచ్చి తలుపు తడుతుంది, దాన్ని పుస్తకంలో రాయకపోయినా లోకానికి తెలుసు. చిక్కంతా సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం లాంటి చోట్ల. పోతన పద్యం ఫలానా తేదీనుంచి చెల్లదని గెజిట్‌లో రాదు. ఉంచినా తీసినా కారణం మనమే చెప్పుకోవాలి.

బోర్డు మీటింగులో అసలు కష్టం కలపడం దగ్గర రాదు, తీయడం దగ్గర వస్తుంది. పెళ్లి భోజనంలో విస్తరి ఎంత ఉందో అంతే. కొత్త వంటకం వడ్డించాలంటే దేన్నో ఒకదాన్ని పక్కకు జరపాలి. మా విస్తరి కొలత క్రెడిట్. వారానికి ఒక గంట పాఠం, సెమిస్టరంతా చెబితే ఒక క్రెడిట్. సెమిస్టరంటే లెక్క ప్రకారం పదిహేను వారాలు. నాలుగు క్రెడిట్ల పేపరంటే అరవై గంటలు. దాన్ని అయిదు యూనిట్లుగా విడగొడితే ఒక్కో యూనిట్‌కు పన్నెండు గంటలు. ఇందులోంచే సెలవులు, బందులు, ఇంటర్నల్ పరీక్షలు, వార్షికోత్సవాలు పోవాలి. చేతికి మిగిలేది ఎనిమిదో తొమ్మిదో. ఆ ఎనిమిది గంటల్లో కావ్యమంతా చెప్పమంటే ఎక్కడ సాధ్యం? ఒక ఆశ్వాసం చెబుతాం, అదీ ఎంపిక చేసిన పద్యాలే.

ఇంత ఇరుకులో ఎవరు ఏం తీయమన్నా అది ఎవరికో తగులుతుంది. ఛందస్సు తగ్గిద్దామంటే ముప్పయ్యేళ్లుగా ఛందస్సు చెబుతున్న మాస్టారు ఎదురుగా కూర్చుని ఉంటారు. ఆయన నోట మాట ఉండదు, టీ కప్పు వంక చూస్తూ ఉంటారు. ఆ మౌనాన్ని దాటి, "తీసేద్దాం సార్" అనడానికి గుండె కావాలి. అందుకే మా మీటింగుల్లో ఒక పాత ఉపాయం నడుస్తుంది. ఏదీ తీయం. అన్నిటినీ కాస్త కాస్త కత్తిరిస్తాం. అయిదు పద్యాలుంటే మూడు, మూడు కథలుంటే రెండు. ఎవరి మనసూ నొప్పించలేదని తృప్తిగా సంతకాలు పెట్టి, జీడిపప్పు బిస్కెట్ల పళ్లెం ఖాళీ చేసి, టీఏ బిల్లులు రాసుకుని రైలెక్కుతాం. పిల్లవాడికి మిగిలేది పేరు తప్ప రుచి తెలియని పదహారు వంటకాలు.

ఇంకో సంగతి. బోర్డు ఎంత మార్చినా, ప్రశ్నపత్రం మారకపోతే పాఠం మారనట్టే. ప్రతి యూనిట్‌లోనూ ఇది గాని అది గాని రాయమని రెండు ప్రశ్నలిస్తాం. సగం చదివితే చాలని పిల్లలు మొదటి నెలలోనే కనిపెడతారు. గైడు వేసేవాళ్లు అంతకన్నా ముందే కనిపెడతారు. మేం మూడు నెలలు చర్చించి పెట్టిన కొత్త యూనిట్, బస్టాండు పక్క పుస్తకాల షాపులో నాలుగు పేజీల ప్రశ్న–జవాబుగా తేలుతుంది.

పూర్వం కొందరు పాఠాలు ఏర్పరచే పని ఎంత ముందుచూపుతో చేశారో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. అంతకు ముందే, 1917లో, అనువాదాల కోసం దారుల్ తర్జుమా అనే సంస్థను పెట్టారు. సైన్సూ చరిత్రా తత్త్వశాస్త్రమూ ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలుండాలి, పుస్తకాలు రావాలంటే ముందు మాటలుండాలి అని ఆ వరసలో ఆలోచించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పై చదువులు తెలుగులో చెప్పాలనుకున్నప్పుడు 1968లో తెలుగు అకాడమీ పుట్టింది కూడా ఈ అవసరం నుంచే. ఆ అకాడమీ పుస్తకాలతో డిగ్రీ గట్టెక్కిన తరాలు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు.

ఈమధ్య కాలంలో ఆ వరస తలకిందులైంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలనే తీసుకోండి. 2015–16లో సెమిస్టర్లూ క్రెడిట్లూ వచ్చాయి. 2020–21లో ఆ చట్రాన్ని మళ్లీ సవరించి, పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. 2023–24లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి, ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. తెలంగాణలో 2016–17లో క్రెడిట్ల పద్ధతి వచ్చింది. ఈ మార్పులు మంచివా చెడ్డవా అన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. ఒక పద్ధతిలో చేరిన పిల్లలు డిగ్రీ పట్టా పుచ్చుకుని, ఉద్యోగంలో కుదురుకుని, మీరు చెప్పింది పనికొచ్చింది, ఇది పనికిరాలేదు అని మనతో చెప్పాలంటే కనీసం ఆరేడేళ్లు పడుతుంది. ఆ కబురు అందకముందే తర్వాతి మార్పు వచ్చేస్తోంది. చేను కోతకు రాకముందే మళ్లీ దుక్కి దున్నినట్టు. పాతదాంట్లో ఏది ఫలించింది, ఏది ఎండిపోయింది అన్న కాగితం ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత తప్ప వేరే కారణం చేతిలో ఉండదు.

మళ్లీ మొదటికే వచ్చాను చూడండి. కారణం రాసి పెట్టుకోకపోవడం దగ్గరికి.

కారణం రాసి పెట్టిన మనిషి ఒకరు మనకున్నారు. ఆయన మహాకవిగా అందరికీ తెలుసు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యుడిగా చాలామందికి తెలియదు. గురజాడ అప్పారావు గారు. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోకి తీసుకుంది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలన్నీ ఆ విశ్వవిద్యాలయం గొడుగు కిందే ఉండేవి. విద్యార్థులు తెలుగులో వ్యాసం రాయాలంటే ఏ తెలుగులో రాయాలి? నన్నయ తిక్కనల నాటి భాషలోనా, శిష్టులు మాట్లాడే భాషలోనా? ఇదీ ఆనాటి గొడవ. పాత భాష, అంటే గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు గారు, వాడుక భాష వైపు గిడుగు రామమూర్తి గారు, గురజాడ వారు. విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. కమిటీ గ్రాంథికం వైపు మొగ్గింది.

గురజాడ ఓడిపోయారు. ఓడిపోయిన మనిషి సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. అలిగి రాజీనామా చేయవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఎందుకు ఒప్పుకోనో ఇంగ్లీషులో విపులంగా ఒక అసమ్మతి పత్రం రాశారు. అది 1914లో వచ్చింది. శాసనాలు మొదలుకొని ఎన్ని ఆధారాలో అందులో పరిచారు. విజయనగర సంస్థానంలో శాసనాల పరిశోధన ఆయన ఉద్యోగంలో భాగం కూడా. రాయి మీద అక్షరం చదవడం వచ్చినవాడు గనక, తెలుగు ఎప్పుడూ ఒకే తీరుగా లేదని రాళ్లనే సాక్ష్యం పిలవగలిగారు. మరుసటి ఏడాదే, 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. గ్రాంథికం మరికొన్ని దశాబ్దాలు బడిలోనూ కాలేజీలోనూ ఏలుబడి సాగించింది.

ఆ కమిటీలో నెగ్గిన తీర్మానం ఇవాళ ఎవరికి గుర్తుంది? ఓడిన మనిషి రాసిన కారణాలను మాత్రం వందేళ్లు దాటాక కూడా పిల్లలకు చెబుతున్నాం. ఆయన కన్యాశుల్కం లేని ఎం.ఏ. తెలుగు సిలబస్ దొరకడం అరుదు. ఆ కారణాలు ఆయన కవి గనక మాత్రమే నిలవలేదు. తన మాట ఎందుకు సరైందో కాగితం మీద పెట్టారు గనక, తర్వాతి తరం వాదన అక్కడి నుంచి ఎత్తుకోగలిగింది, మళ్లీ అఆల నుంచి మొదలెట్టాల్సిన అవసరం లేకపోయింది.

ఈ మాట నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పడం వేరు, కుర్చీలో కూర్చుని చేయడం వేరు. నా సర్వీసులో చివరి బోర్డు మీటింగుకు నేనే అధ్యక్షుణ్ణి. వ్యాకరణం పేపరు చర్చకు వచ్చింది. మా దగ్గర చిన్నయసూరి బాలవ్యాకరణం మొత్తం, సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలూ సిలబస్‌లో ఉన్నాయి. శాఖలో కొత్తగా చేరిన అమ్మాయి, అసిస్టెంట్ ప్రొఫెసరు, లేచి ఒక ప్రతిపాదన పెట్టింది. సంధి, సమాస, క్రియా పరిచ్ఛేదాలు ఉంచుదాం, మిగతా చోటు వాడుక తెలుగు వ్యాకరణానికి ఇద్దాం, చేకూరి రామారావు గారి తెలుగు వాక్యం పాఠ్యపుస్తకంగా పెడదాం అంది.

"సార్, మన పిల్లల్లో ఎక్కువమంది తెలుగు పండిట్లవుతారు. రేపు బడిలో ఒక పిల్ల, నేనిలా ఎందుకు అంటాను టీచర్ అని అడిగితే, వీళ్ల దగ్గర చిన్నయసూరి సూత్రం ఉంటుంది గానీ ఆ పిల్ల మాటకు సూత్రం ఉండదు" అంది.

నేను ఒప్పుకోలేదు. బాలవ్యాకరణం ముక్కలు చేస్తే దాని అల్లిక పోతుందన్నాను. ఒక సూత్రానికి ఇంకో సూత్రం ఎలా అందుతుందో తెలియాలంటే మొత్తం చదవాలన్నాను. బయటి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలూ నావైపే తలూపారు. పాత పాఠమే ఉంచాలన్న తీర్మానం నెగ్గింది. మా గుమాస్తా అలవాటు ప్రకారం చర్చించి ఆమోదించడమైనది అని రాయబోతుంటే, నాకు ఎందుకో శివాలయం ముందు రాయి గుర్తొచ్చింది. ఆగమన్నాను.

"అమ్మా, నువ్వు చెప్పిన కారణాలు రాసివ్వు. మినిట్స్‌లో అతికిద్దాం" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం వంక అనుమానంగా చూసింది. రేపు ప్రమోషన్‌కు ఇది అడ్డొస్తుందేమోనన్న భయం ఆమెది. తప్పు పట్టలేం. "భయపడకు. నా కారణం కూడా రాస్తాను. రెండూ పక్కపక్కన ఉంటాయి" అన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె కూర్చుని రాసింది. రెండు పేజీలు. మా విద్యార్థులు ఎక్కడెక్కడ ఉద్యోగాల్లో ఉన్నారో, వాళ్లు ఫోన్ చేసి ఏ సందేహాలు అడుగుతారో, ఏ పరిచ్ఛేదం నుంచి పరీక్షలో అసలు ప్రశ్నే రావడం లేదో అంతా వరసగా రాసింది. నేనూ కలం తీశాను. అల్లిక పోతుంది అన్న మాట రాశాను. ఆ తర్వాత రాయడానికి ఎంతసేపు ఆలోచించినా రెండో మాట రాలేదు. మేం అలాగే చదువుకున్నాం అన్నది ఒక్కటే మనసులో మెదిలింది. అది కారణం కాదని నాకూ తెలుసు. రాయలేదు.

శ్రోతలారా, నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. ఏ శాఖ అయినా సరే, ఒక పాఠం తీసినప్పుడు ఎందుకు తీశామో, పెట్టినప్పుడు ఎందుకు పెట్టామో నాలుగు వాక్యాలు రాయాలి. చెప్పే మనిషి లేక తీశారా, ఆ మాటే రాయండి. రేపు ఆ మనిషి దొరికితే పాఠం తిరిగొస్తుంది. ఒప్పుకోని సభ్యులుంటే వాళ్ల మాట కూడా రాయించండి. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, తర్వాత వచ్చే బోర్డు మొదటి పనిగా చదవాలి. దీనికి నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

ఆ శాసనం సంగతి చెప్పి ముగిస్తాను. ఫొటో మా పాత మాస్టారికి పంపాం. ఆయన భూతద్దం పెట్టుకుని, రెండు రోజులు తంటాలు పడి చదివారు. గుడి దీపానికి నూనె కోసం ఎవరో భూమి ఇచ్చారట. ఏ భూమి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎందుకోసం ఇచ్చారు, అన్నీ ఆ రాతి మీద ఉన్నాయి. ఇచ్చినవాడి పేరున్న చోట రాయి పెచ్చులూడింది. కారణం మాత్రం చెక్కుచెదరలేదు.

మా మినిట్స్ పుస్తకంలో ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. నెగ్గిన నా కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఓడిన అమ్మాయి కాగితంలో రెండు పేజీలున్నాయి. గురజాడను ముప్పయ్యేళ్లు పాఠం చెప్పి, చివరి రోజున నేను జయంతి రామయ్య పంతులు గారి పక్క కుర్చీలో కూర్చున్నానని ఆ రెంటినీ పక్కపక్కన చూశాకే నాకు తెలిసింది. తర్వాతి బోర్డు వాటిని చదువుతుందనీ, నన్ను ఓడిస్తుందనీ అనుకుంటున్నాను.